కుడివైపు లైటు

నవంబర్ 6, 2007

కారు ఇంటికి వచ్చింది. వచ్చింది అనడం దేనికి, బాపురావు పటేల్ ట్రాక్టర్‌కు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. ఇన్నాళ్లూ ఠాణాలో రేకుల షెడ్డు కింద పడి ఉంది. బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, బ్రేకులు బాగానే ఉన్నాయని రాసి పోయాడట.

ఎడమవైపు ముఖం మొత్తం లోపలికి పోయింది. కాలువ గోడకు తగిలింది అటే. కుడివైపు లైటు మాత్రం బురద కొట్టుకుని, గీత పడకుండా ఉంది. చూస్తే ఒళ్లు మండింది. ఆరడుగుల కొడుకు పోయాడు, జానెడు ప్లాస్టిక్ ముక్క నిక్షేపంగా మిగిలింది.

మా ఆవిడ లింగవ్వ గడప దాటి రాలేదు. లోపలి నుంచే అడిగింది, "సీట్ల ఏమన్న ఉన్నదా వానిది?" అని. చెప్పులు ఒక జత ఉన్నాయి. ఇచ్చాను.

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూచే కాంటా మీద గుమాస్తాగిరీ చేసిన చెయ్యి, రాయకపోతే ఊరుకోదు. అందుకే ఇది. ఎవరి కోసమూ కాదు.

నవంబర్ 7

ఈ రోజు మళ్లీ విన్నాను. హోటల్ దగ్గర ఇద్దరు, నన్ను చూసి గొంతు తగ్గించారు. తగ్గించినా వినిపించింది. "తాగి గుద్దిండట."

ఈ మాట పుట్టించింది లింబయ్య. పక్క ఊరు చందూర్ వాడు. దసరా అయిన మూడో రోజు దీపాలు పెట్టే వేళ అతను బర్రెను తోలుకుని ముందు నడుస్తున్నాడు. భార్య సత్తవ్వ చెరకు ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వెనుక వస్తున్నది. మా గంగాధర్ బోధన్‌లో కిరాయి దింపి ఇంటికి వస్తున్నాడు. ఆమెను తగిలి, తిప్పబోయి, కాలువ గోడకు కొట్టాడు. ఆమె అక్కడే పోయింది. వాడు నిజామాబాద్ పెద్దాసుపత్రికి చేరేలోగా పోయాడు.

లింబయ్య దుఃఖం లింబయ్యది. నేను కాదనను. కానీ నా కొడుకు తాగడు. ఆసుపత్రి వాళ్లు రాసిన దాంట్లో కూడా తాగుడు మాట లేదు. కాలేజీ రోజుల్లో ఒకసారి తాగి వస్తే చెప్పుతో కొట్టాను. ఆ తరువాత ముట్టలేదు. ముడితే నాకు తెలియదా? పక్క మంచంలో పడుకునేవాడు.

తాగడు.

నవంబర్ 9

దీపావళి. మా ఇంట్లో లేదు.

నవంబర్ 11

నాకు ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదో.

లైట్లు! పండుగకు ముందు వాడే అన్నాడు, లైట్లు మసకబారినయి బాపు, రోడ్డు కనిపిస్తలేదు అని. పాత ఇండికా, ఎన్నేళ్లు ఎండలో నిలబడిందో. కారు ముందు గడంచె మంచం వేసుకుని కూర్చుని, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రెండు లైట్లనూ ఒకటే రుద్దుడు. "పెండ్లిపిల్లకు నలుగు పెడుతున్నవారా?" అని ఎకసెక్కం ఆడాను. నవ్వాడు. "ఇప్పుడు గరుకుగనే ఉంటది బాపు. నిజామాబాద్‌ల పాలిషు, పైపూతకు లాకర్ డబ్బా తెచ్చి కొట్టాలె. పండుగ అయినంక పోత" అన్నాడు. పోలేదు. పండుగ తరువాత కిరాయిలు వరసగా తగిలాయి.

అంటే లైటు సరిగ్గా కొట్టలేదు! మనిషి కనిపించలేదు. తాగితేనే గుద్దుతారా, కనిపించకపోతే గుద్దరా?

లింగవ్వకు చెప్పాను. అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా వింటున్నదల్లా లేచి నిలబడింది. "గదే చెప్పు అందరికి. లైటు చూపియ్యి. నా కొడుకు తాగలేదని చూపియ్యి" అన్నది. తరువాత కూర్చుని నాలుగు ముద్దలు తిన్నది. వాడు పోయిన పదకొండో రోజు బావి వైపు నడిచి పోతుంటే ఆమె తమ్ముడు ముత్తన్న పరుగెత్తి పట్టుకొచ్చాడు. ఆ మనిషి నాలుగు ముద్దలు తిన్నది.

నవంబర్ 12

బాపురావు పటేల్ ఇంటికి పోయాను. పెద్దమనిషి, రెండు ఊళ్ల వాళ్లూ ఆయన మాట వింటారు. అంతా విని, "సరే నర్సన్నా. కార్తీక పున్నమి తెల్లారి కూసుందం. లింబయ్యను పిలిపిస్త. నువ్వు లైటు పట్టుకరా, బ్యాటరీ పెట్టి అందరి ముందట చూద్దం. నీ మాట నిజమైతే లింబయ్య తన మాట వాపసు తీసుకుంటడు" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి. వాడు రాడు, వాడి పేరన్నా శుభ్రంగా ఇంటికి రానీ.

నవంబర్ 14

లైటు ఊడదీశాను. బురద అట్ట కట్టింది. గోటితో గీకితే కింద పచ్చగా ఉంది. పాత కార్ల లైట్లు ఎండకు అట్లా పచ్చబడతాయని అందరికీ తెలుసు. దాచుకోవడం దేనికి, సంతోషమే అయింది. ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది నాకు.

బురదతో చూపిస్తే బురద వల్లే వెలుతురు రాలేదంటాడు ఎవడో ఒకడు. కడిగి తీసుకుపోదామని నల్లా దగ్గర కూర్చుని బట్టల సబ్బు రుద్దాను.

ఎర్రబడింది. అద్దం, నురుగు, నా చేతులు.

నెత్తురు, నెత్తురు అని అరిచాను. ఆ లైటు నా చేతిలో నుంచి జారలేదు గానీ నేను కూర్చున్నచోటే వెనక్కి పడ్డాను. లింగవ్వ బీడీల చాట పక్కన పడేసి వచ్చింది. వంగి చూసింది. వేలితో రాసి చూసింది.

"నెత్తురు గాదయ్యా. పసుపు. పసుపుకు సబ్బు తాకితె ఎర్రగైతది, ఎరుక లేదా నీకు?"

ఎరుకే. ఆమె పుట్టిల్లు ఏర్గట్ల. పసుపు పండే ఊరు. పెళ్లయిన నాటి నుంచి ఆమె కొంగుల మీద ఈ ఎరుపు చూస్తూనే ఉన్నాను.

"దీనికి పసుపెట్ల వచ్చింది?" అన్నాను.

"దసరానాడు బండికి పూజ చెయ్యలేదా? ఏటా రెండు బొట్లు పెడుతుంటి, నున్నటి అద్దం, ఎండంగనె రాలిపోతుండె. ఈసారి గరుకుగుండె, మంచిగ పట్టింది. మా తమ్ముడు తెచ్చిన కొత్త పసుపు ముద్దగ కలిపి రెండిటికి అద్దం నిండ పూసిన."

లింగవ్వ నా పక్కనే చప్టా మీద కూర్చున్నది. కూర్చుని చెప్పింది.

"ఎండిన పసుపు రాలినా రంగు పోలేదట. తెల్లారి అడిగిండు, అవ్వా, లైటు గుడ్డిగ కొడుతుంది, కడుగుత అని. పూజ చేసిన పసుపు, పున్నమి దాక కడగొద్దు బిడ్డా అన్న. మల్ల చెయ్యి పెట్టలే. ఈ కాలంల తల్లి మాట ఎవలింటరు? నా కొడుకు ఇన్నడు."

వాడు పోయిన తరువాత ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు చూశాను. కొడుకు తన మాట విన్నాడని చెప్పుకుంటున్నది. నన్ను కూడా మెచ్చుకొమ్మన్నట్టు చూసింది.

"మంచోడు" అన్నాను.

నల్లా కట్టేశాను.

నవంబర్ 15

ఏమీ రాయను.

నవంబర్ 16

లింగవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. గొడ్ల కొట్టం తలుపులు మూసి, లైటుకు కారు బ్యాటరీ కలిపి చూశాను.

గోడ మీద బెల్లం నీళ్లు చల్లినట్టు ఒక మరక. అంతే. గోడకు ఆనించిన గడ్డపార కనిపించలేదు. తడిమితే చేతికి తగిలింది. కాగితంతో రుద్దిన గీతలన్నిటిలో పసుపు నిండి కూర్చుంది. సబ్బుతో కడిగినా పైపైనే పోయింది.

ఈ వెలుతురులో, ముదురు రంగు చీర కట్టుకుని, నెత్తిన ఆకు మోపుతో నడిచే ఆడమనిషి కనిపించదు. దేవుడు నడిచినా కనిపించడు. నాకు కావలసిన రుజువు దొరికింది. వారం రోజులుగా దీని కోసమే కదా గంతులు వేశాను.

ఇది చూపిస్తే నా కొడుకు మీది మాట పోతుంది. తరువాత బాపురావు అడుగుతాడు, పసుపు ఎవరు పూశారు, ఎందుకు కడగలేదు అని. ఆయన అడగక్కర కూడా లేదు. లింగవ్వే చెబుతుంది. మొన్న నాకు చెప్పినట్టే ముచ్చటగా చెబుతుంది. చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆమెకే తెలుస్తుంది.

ఆ తరువాత బావి దగ్గర నేను ఎన్నాళ్లు కాపలా కాయాలి?

నవంబర్ 17

వాడు తాగి ఉంటాడేమో.

ఎందుకు తాగి ఉండకూడదు? పండుగ రోజులు. దోస్తులు ఉంటారు. బోధన్‌లో కిరాయి దింపాడు, చేతిలో పైసలున్నాయి. నాకు తెలియకుండా తాగకూడదా? తండ్రికి అన్నీ చెప్పి తాగుతారా ఎవరన్నా?

కల్లు దుకాణానికి పోయాను. దుకాణం నడిపే సాయన్న నన్ను చూసి పెద్ద మనిషికి లేచినట్టు లేచాడు. "మా వాడు ఆ రోజు ఇటు వచ్చిండా సాయన్నా? నిజం చెప్పు. నేనేమనుకోను" అన్నాను.

"తప్పు మాట్లాడద్దు నర్సన్నా. మీ పిలగాడు నా దుకాణం మొకం సూడలే. పండుగనాడు గూడ రాలే. ఎవలన్న అంటె నా తాన తోలు, నేను చెప్త" అన్నాడు. నన్ను ఓదార్చాననుకున్నాడు పాపం.

బోధన్ బస్టాండ్ దగ్గర కార్లు నడిపే పిల్లలను కూడా అడిగాను. చాయ్ తాగి పోయిండు, అవ్వ ఎదురుచూస్తదన్నడు అని చెప్పారు. ఒక్కడన్నా ఒక్క గ్లాసన్నా అంటాడేమోనని నిలబడ్డాను. ఒక్కడూ అనలేదు.

కొడుకు తాగలేదని తెలిసి ఏడుస్తూ ఇంటికి వచ్చిన తండ్రిని నేనొక్కణ్నే అయి ఉంటాను.

నవంబర్ 19

లింగవ్వ మాటల్లో పడింది. పున్నమి తెల్లారి అంటూ రోజులు లెక్కపెడుతున్నది. ముత్తన్నకు కబురు పంపింది. "మొగోళ్ల నడుమ నేనెందుకని ఊకుండ. నేను గూడ వస్త. నా కొడుకును అన్నోళ్ల మొకాలు సూడాలె నాకు" అన్నది.

లైటు తీసుకుపోకపోతే? ముత్తన్న వచ్చి మోసుకుపోతాడు. పగలగొడితే? పగిలినదాన్ని చూసి ఎందుకు పగలగొట్టావంటారు. ఎటు తిరిగినా ఆమె దగ్గరికే వస్తున్నది దారి.

నవంబర్ 20

నిజామాబాద్ పోయాను. మార్కెట్ యార్డుకు పోతున్నానని చెప్పాను. బస్టాండ్ వెనుక కార్ల సామాన్ల దుకాణంలో అడిగితే ఆ సాయిబు కుర్రవాడు ఓపికగా చెప్పాడు. ముందు గరుకు కాగితం, ఆ తరువాత దానికంటే నున్నది, ఆఖరికి చేతికి తగలనంత నున్నది. ప్రతిదానికీ నీళ్లు పోస్తూనే రుద్దాలి. తరువాత పాలిషు ముద్ద.

"జల్దీ చెయ్యొద్దు చాచా. మధ్యల తెల్లగ పాలోలె అయితది, ఖరాబయిందని ఘబ్రాయించొద్దు. ఆఖరుకు లాకర్ కొట్టాలె. కొట్టకుంటే పడ్డ మెహనత్ అంత బేకార్."

లాకర్ నాకు అక్కర లేదు. ఆ ఒక్క సాయంత్రం గడిస్తే చాలు. అయినా డబ్బా చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టలేకపోయాను.

"ఎవరి బండి?" అన్నాడు.

"మా పిలగానిది."

"పిలగాణ్నే తోలియ్యి చాచా, నేను చేసిస్త. ఈ వయసుల నీకెందుకు తక్లీఫ్."

బస్సు ఉందని చెప్పి వచ్చేశాను.

నవంబర్ 22

లింగవ్వ కార్ఖానాకు పోగానే కొట్టంలో కూర్చున్నాను. లైటు అంచుకు, బురద మరకలు ఉన్నచోట, గుడ్డ చుట్టాను. కొత్తగా కనిపించకూడదు, అద్దం ఒక్కటే బాగుపడాలి. ఇన్ని ఉపాయాలు నాకు ఎక్కడి నుంచి వస్తున్నాయో.

గరుకు కాగితం పెట్టి రుద్దితే నీళ్లు పచ్చగా కారాయి. లింగవ్వ పూసిన పసుపు. రుద్దిన కొద్దీ పలచబడి చివరికి మజ్జిగలా తెల్లగా కారాయి. అద్దం మొత్తం తెల్లబడిపోయింది. సాయిబు పిల్లవాడు చెప్పకపోతే అక్కడే విసిరికొట్టేవాణ్ని.

వాడు కూడా ఇట్లాగే కూర్చుని రుద్దాడు. వాడు ఎక్కడ ఎక్కువ రుద్దాడో, ఎక్కడ తక్కువ రుద్దాడో గీతలను బట్టి తెలుస్తున్నది. పై మూలన ఆ చేతి గీతలు లోతుగా ఉన్నాయి. వాటినీ తీసేశాను. వాడు చేసిన పని ఒక్కటీ మిగల్చకుండా నున్నగా తీసేశాను.

నన్ను క్షమించరా అని ఇక్కడ రాయాలనిపించింది. వాడికి చదువు వచ్చు గానీ ఇది చదవలేడు కదా.

నవంబర్ 23

పాలిషు పెట్టాను. లాకర్ కొట్టి, ఎండలో పెట్టి, ఆరిన తరువాత గోనెసంచిలో చుట్టాను. బ్యాటరీ పెట్టి చూస్తే గడ్డపారే కాదు, దాని వెనుక సాలెగూడు కూడా కనిపించింది.

పండుగకు ముందే నేను ఆ డబ్బా తెచ్చి ఇచ్చి ఉంటే. నేను నిజామాబాద్ పోయే ఉన్నాను పండుగ సామాన్లకు. వాడు నాకు చెప్పలేదు. చెప్పాడేమో. చెప్పలేదు.

"లైటు కడుగుడు అయిందా?" అని అడిగింది లింగవ్వ.

"అయింది."

"పసుపు పోయిందా? పోతె పోయిందిలే. పున్నమి రానే వచ్చె" అన్నది.

నవంబర్ 25

పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. రెండు ఊళ్ల వాళ్లూ వచ్చారు. ఆడవాళ్లు అరుగు మీద. లింగవ్వ ముందు వరసలో, పక్కన ముత్తన్న. లింబయ్య ఒక్కడే వచ్చి దూరంగా కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యాడు.

పొద్దుగూకాక నేనే గోనెసంచి విప్పి లైటుకు ట్రాక్టర్ బ్యాటరీ కలిపాను. ఎదురుగా బడి గోడ మీద రాసిన అక్షరాలన్నీ తెల్లగా కనిపించాయి. గోడ వెంట పోయే కుక్క కూడా కనిపించింది. లింగవ్వ నా వైపు చూస్తున్నదని తెలుసు. నేను చూడలేదు.

"లైటు మంచిగనే ఉన్నది గద నర్సన్నా" అన్నాడు బాపురావు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. లైటు బాగుంది, కాబట్టి తాగాడు, ఊరు అనేదే అంటుంది, నేను తల దించుకుని ఇంటికి పోతాను. అట్లా అనుకున్నాను. కానీ లింబయ్య లేచాడు.

"పటేలా, నేనొక మాట చెప్పాలె. పిలగాని తాన వాసన రాలే నాకు. బండ్లకెల్లి గుంజింది నేనే. నీళ్లు తాపింది నేనే. నా ఆడిది పోయిందన్న మంటల అన్న. ఆ పోరడు నీళ్లు తాగుకుంట గూడ పెద్దమ్మకెట్లున్నది అనే అడిగిండు. తాగలే. తప్పయింది నాది."

ఎంత మంచి మాట. నెల కింద ఈ మాట కోసం అతని కాళ్లు పట్టుకునేవాణ్ని.

బాపురావు తల పట్టుకున్నాడు. "మరి లైటు మంచిగుండె, తాగలే, నిద్ర పోయే యాళ్ల గాదు. ఎట్ల తాకిండు మరి?"

అప్పుడు లింగవ్వ లేచి నిలబడింది. కొంగు నడుముకు చెక్కి, గొంతు పెద్దది చేసి అన్నది, "గది గుడ్డిగ కొట్టిందయ్యా! నా కొడుకే చెప్పిండు. దసరా తెల్లారి, అవ్వా, లైటు కడుగుత అంటె నేనే..."

"నేనే తాగించిన" అన్నాను.

అరిచానట. తరువాత చెప్పారు.

"పండుగ సీసా మిగిలి ఉండె. నేను చెలుకల పని చేస్తుంటె నా తానకొచ్చిండు, బోధన్ నుంచి వస్తూ. నేనే పోసిన. మందు, కల్లు గాదు. వాసన లేనిది. లింబయ్యకు వాసనెట్లొస్తది."

వాసన లేని మందు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు. తండ్రి చెప్పే అబద్ధం అట్లా ఉంటుందని ఎవరు అనుకుంటారు.

లింగవ్వ అరుగు దిగి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

"వాడు వద్దన్నడా?"

"అన్నడు."

"వద్దంటె గూడ పోసినవా?"

"పోసిన."

లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. దాని ముందు నుంచి ఆమె నడిచి పోయింది. లింబయ్య నా వైపు ఒకసారి చూసి, తువ్వాల భుజాన వేసుకుని చందూర్ దారి పట్టాడు. ముత్తన్న నా అంగీ పట్టుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది. బాపురావు విడిపించాడు.

నవంబర్ 26

ముత్తన్న ఆటో తెచ్చాడు. ఆమె తన బట్టలు, గంగాధర్ చెప్పులు మూటకట్టుకుంది. గడప దగ్గర ఆగి, నా ముఖం చూడకుండా అన్నది:

"నా కొడుకును మింగినవ్. నీ చేతి నీళ్లు గూడ నాకు ముట్టద్దు."

సరే అన్నాను. ఇంకేమనాలి.

నవంబర్ 29

అన్నం వండుకోవడం రాదు. మాడింది.

డిసెంబర్ 3

ఊళ్లో మాట మారింది. గంగాధర్ బంగారమట, తండ్రే చెడగొట్టాడట. హోటల్లో నేను పోతే బల్ల ఖాళీ చేస్తున్నారు. సగం పని అయిందన్నమాట. వాడి పేరు బాగుపడింది.

సత్తవ్వ మాట ఎవరూ ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేదు ఇన్నాళ్లు.

డిసెంబర్ 7

నిజంగానే పోశానేమో అనిపిస్తున్నది ఒక్కోసారి. ఆ రోజు చెలుకలో వాడు నా దగ్గరికి వచ్చినట్టు, గట్టు మీద కూర్చుని నవ్వినట్టు. రాలేదు. కానీ ఆ ముచ్చట నాకు బాగుంది. కాసేపు కూర్చున్నాడు కదా.

డిసెంబర్ 12

బాపురావు ఇంటికి ఫోన్ చేశాడు ముత్తన్న. నన్ను పిలిపించారు. నేనే అడిగాను, బావి ఉన్నదా మీ ఇంటి దగ్గర అని.

"లేదు. బోరింగే. ఎందుకు?"

"ఊకెనే. ఎట్లున్నది మీ అక్క?"

"ఎట్లుంటది బావా. పొద్దుగాల లేస్తె నిన్ను తిట్టుడు, మాపటికి నిన్ను తిట్టుడు. వాడకట్టోళ్లందరికి చెప్పుకుంట తిడుతుంది. మా పిల్లలకు గూడ నీ పేరు చెప్పనిస్తలేదు."

"తింటున్నదా?"

"తింటున్నది. రెండు పూటల తింటున్నది. నిన్న జొన్నరొట్టె అడిగి మరీ చేపిచ్చుకున్నది."

"తిట్టనీ" అన్నాను. "ఆపకండి. ఎవరూ ఆపకండి."